హైకోర్టు గడప, తొంబది దినముల గడువు

పల్లెటూళ్లలో గట్టు తగాదా ముదిరినపుడు వినవచ్చు మాట యొకటి కలదు: "నిన్ను హైకోర్టు దాక లాగెదను." ఆ మాట పలికినవాడుగాని, పడినవాడుగాని హైకోర్టులో జరుగునది యేమో సరిగా ఎరిగియుండుట అరుదు. పెద్దకోర్టు కనుక తమ కథ అచ్చట మొదటినుండి మరల చెప్పుకొనవచ్చుననియు, క్రింది కోర్టులో అబద్ధమాడిన సాక్షిని అచ్చట బోనెక్కించి నిజము రాబట్టుదురనియు నమ్మువారు పెక్కురు. ఆ నమ్మకముతోనే ఇల్లు తాకట్టుపెట్టి వ్యాజ్యము నడపువారును కలరు. పాఠశాలలో పౌరశాస్త్రము బోధించునపుడు మనము హైకోర్టు రాష్ట్రమున అత్యున్నత న్యాయస్థానమని ఒక వాక్యము చెప్పి దాటిపోవుదుము. విద్యార్థి ఆ వాక్యమును అప్పగించి మార్కులు తెచ్చుకొనును. ఆ విద్యార్థి తండ్రికి మాత్రము ఆ వాక్యము ఏ విధముగను అక్కరకు రాదు. అందుచేత ఆ ఒక్క వాక్యమున దాగియున్న సంగతులను కొన్నింటిని ముచ్చటింపదలచితిని.

సివిలు వ్యవహారమును మన పెద్దలు దివానీ అనిరి. నేరమునకు సంబంధించినదానిని ఫౌజుదారీ అనిరి. భూమి, ఇల్లు, అప్పు, వారసత్వము, దత్తత, దారి హక్కు, నీటి హక్కు, ఇవన్నియు దివానీలోనివి. 1802లో కంపెనీ ప్రభుత్వము చెన్నపట్టణమున సదర్ అదాలతును నెలకొల్పెను. సదరు అనగా ప్రధానమైనది. 1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడగా ఆ అదాలతు అందు లీనమయ్యెను. కోస్తా జిల్లాల వారికిని, రాయలసీమ వారికిని కడపటి ఆశ చెన్నపట్టణమే. దానికిని పైన లండను నగరమున ప్రివీ కౌన్సిలు ఉండెడిది. పిఠాపురము జమీకి సంబంధించిన సుప్రసిద్ధ వ్యాజ్యమొకటి 1899లో అచ్చటనే తేలెను. సముద్రములకు ఆవల, తెలుగు నేల నెన్నడు చూడని ప్రభువులు మన సంస్థానముల వారసత్వమును నిర్ణయించుట నేటివారికి వింతగా తోచవచ్చును; నాటివారికి అది మామూలు. 1949లో ఆ అధికారము రద్దయ్యెను.

నైజాము రాజ్యపు కథ వేరు. మూసీనదికి దక్షిణపు గట్టున ఎర్రరాతితో, గుమ్మటములతో కనబడు హైకోర్టు భవనమును 1920 ఏప్రిలులో ఏడవ నిజాము ప్రారంభించెను. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు, 1937 నాటి శ్రీబాగు ఒడంబడిక స్ఫూర్తితో, రాజధాని కర్నూలునకును, హైకోర్టు గుంటూరునకును దక్కెను. గుంటూరులో ఆంధ్ర హైకోర్టు 1954 జూలై 5న పని మొదలిడెను. రాజమహేంద్రవరమునకు చెందిన కోకా సుబ్బారావుగారు దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి. ఆ హైకోర్టు గుంటూరున ఉన్నది రెండేండ్లకు కొంచెము పైగా మాత్రమే. 1956 నవంబరులో రాష్ట్రములు కలియగా అది మూసీ గట్టునకు తరలెను. 2019 జనవరి 1న మరల రెండయ్యెను: తెలంగాణ హైకోర్టు పాత భవనమున నిలిచినది, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతి పీఠముగా ఏర్పడి, తొలుత విజయవాడలో తాత్కాలికముగ నడచి, ఆ యేడే నేలపాడునకు చేరినది. ఒక మనుమడు తన తాతనాటి వ్యాజ్యపు కాగితములను విప్పినచో, మద్రాసు, గుంటూరు, హైదరాబాదు, అమరావతి అను నాలుగు ముద్రలు ఒకే కట్టలో కనబడుటకు అవకాశము కలదు.

చరిత్ర ఇంతతో చాలింతము. ఊహకు ఒక తగాదాను తీసికొందము. ఒక రైతు ముప్పది ఏండ్ల క్రిందట ఎకరము ఇరువది సెంట్ల చేను కొన్నాడు. విక్రయ దస్తావేజులో పడమటి హద్దు "చింతచెట్టు గల గట్టు" అని వ్రాసియున్నది. కొలిపించి చూడగా ఆ గట్టులోపల ఎకరము ముప్పదిరెండు సెంట్లు తేలినది. ఎక్కువగా తేలిన పండ్రెండు సెంట్లు తనవని పొరుగువాడు దావా వేసినాడు. మొదటి కోర్టు, అనగా పూర్వము జిల్లా మునసబు కోర్టు అని పిలువబడిన జూనియర్ సివిల్ జడ్జి కోర్టు, సాక్షులను విచారించి, కమిషనరును పంపి పొలమును చూపించి, గట్టే హద్దు అని దావా కొట్టివేసినది. పొరుగువాడు అప్పీలు చేసినాడు. మొదటి అప్పీలులో వాస్తవములను, శాస్త్రమును రెండింటిని మరల పరిశీలింపవచ్చును. ఆ కోర్టు దస్తావేజులోని అంకెనే పట్టుకొని, పండ్రెండు సెంట్లు పొరుగువానివని డిక్రీ ఇచ్చినది. ఇపుడు మన రైతు హైకోర్టునకు పోవలెను. దీనికి సెకండ్ అప్పీలు అని పేరు. సివిల్ ప్రొసీజరు కోడు 100వ సెక్షను దీనికి ఆధారము.

ఇచ్చటనే అసలు గడప ఉన్నది. 1976 నాటి సవరణ తరువాత, గణనీయమైన న్యాయశాస్త్ర ప్రశ్న ఇమిడియున్నపుడు తప్ప హైకోర్టు రెండవ అప్పీలును స్వీకరింపరాదు. సాక్షి చెప్పినది నిజమా కాదా, గట్టు జరిగినదా లేదా, డబ్బు ముట్టినదా లేదా అనునవి వాస్తవ ప్రశ్నలు. వాటిపై మొదటి అప్పీలు కోర్టు చెప్పినదే కడపటి మాట. ఆ మాట పొరపాటే కావచ్చును. ఎంత పెద్ద పొరపాటైనను కావచ్చును. వాస్తవ నిర్ణయము తప్పు అను ఒక్క కారణమున రెండవ అప్పీలు నిలువదని ప్రివీ కౌన్సిలు 1890లోనే తేల్చిచెప్పెను. ఈ సంగతి విని రైతు నివ్వెరపోవును. "తప్పని తెలిసియు దిద్దరా?" అని అడుగును. న్యాయమైన ప్రశ్నయే. కాని సాక్షి కంఠము తడబడుట చూచినది మొదటి కోర్టు. పొలముమీదికి మనిషిని పంపినది మొదటి కోర్టు. వందల మైళ్ల దూరమున కాగితము మాత్రమే చూచు న్యాయమూర్తికి ఆ సౌకర్యము లేదు. అదిగాక ఏ తగాదాకైనను ఎచ్చటనో ఒకచోట ముగింపు ఉండవలెను గదా.

ఆశ్చర్యమేమనగా, ఈ హద్దును హైకోర్టులే ఒక్కొక్కప్పుడు దాటెడివి. అట్టి సందర్భమున సుప్రీంకోర్టు చేసిన హెచ్చరిక 1959 నివేదికలలో ప్రకటితమైనది. దానిని వ్రాసినవారు మన సుబ్బారావుగారే. అప్పటికాయన సుప్రీంకోర్టు న్యాయమూర్తి. ఆ వ్యాజ్యమున కక్షిదారు పట్టాభిరామస్వామి అను దేవుడు! స్పష్టమైన తీర్పులు ఎన్ని ఉన్నను కొందరు న్యాయమూర్తులు రెండవ అప్పీళ్లను మొదటి అప్పీళ్లవలె పరిష్కరించుచున్నారనియు, దానివలన వ్యాజ్యమునకు జూదపు లక్షణము అబ్బుచున్నదనియు ఆయన మందలించిరి. జూదమను మాట ఊరక వాడినది కాదు. పై కోర్టు ఏమి చూచునో, ఏమి చూడదో నియమము లేనిచో కక్షిదారు పాచిక వేసినట్లే గదా అప్పీలు వేయును!

మరి గణనీయమైన ప్రశ్న యనగా నేమి? ఈ పరీక్షకు మూలమైన తీర్పులలో ఒకటి రిమ్మలపూడి సుబ్బారావు, నూనె వీర్రాజు అను తెలుగు కక్షిదారుల నడుమ మద్రాసు హైకోర్టు పూర్ణ ధర్మాసనము 1951లో చెప్పినది. సుప్రీంకోర్టునకు అప్పీలు చేయుటకు అనుమతి ఇచ్చు సందర్భమున పుట్టిన ఆ విచారమును సుప్రీంకోర్టు 1962లో చాలవరకు ఆమోదించెను. 100వ సెక్షను మారిన తరువాత దానికిని అదే కొలమానమయ్యెను. ఆ ప్రశ్న ప్రజాబాహుళ్యమునకు ముఖ్యమైనదైనను కావలెను, లేదా కక్షిదారుల హక్కులను సూటిగా, గట్టిగా తాకునదైనను కావలెను. అంతేకాక, ఇంకను తేలని ప్రశ్నయో, రెండు విధముల వాదించుటకు వీలున్న ప్రశ్నయో అయియుండవలెను. పై కోర్టులు ఇదివరకే తేల్చిన సూత్రమును ఈ వ్యాజ్యమునకు అన్వయించుటయే మిగిలినపుడు అది గణనీయము కాదు. అయితే, తేలిన సూత్రమునకే విరుద్ధముగ క్రింది కోర్టు తీర్పు చెప్పినపుడును గణనీయమైన ప్రశ్న పుట్టునని సుప్రీంకోర్టు 2006లో వివరించెను.

మన రైతునకు ఆశ కలుగునది ఈ చివరిమాటవలననే. దస్తావేజులో హద్దులకును విస్తీర్ణమునకును పొందిక లేనపుడు సాధారణముగ హద్దులే ప్రబలమని స్థిరపడిన సూత్రము. అప్పీలు కోర్టు దానిని విడిచి అంకెను పట్టుకొన్నది. దస్తావేజుకు అర్థము చెప్పుట న్యాయశాస్త్ర ప్రశ్న. ఇదే తగాదాలో పొరుగువాడు "గట్టును పదేండ్ల క్రిందట జరిపినాడు" అని వాదించి, కోర్టు ఆతని సాక్షులను నమ్మియున్నచో, మన రైతునకు హైకోర్టులో చెప్పుకొనుటకు ఏమియు ఉండెడిది కాదు. అదే చేను, అదే చింతచెట్టు, అవే పండ్రెండు సెంట్లు. ఒకదానికి గడప తెరచియున్నది, ఒకదానికి లేదు. మంచి వకీలు మొదటి దినముననే ఈ తారతమ్యమును చెప్పి, అవసరమైనచో కక్షిదారును ఇంటికి పంపివేయును. అట్టివానికి ఇచ్చిన ఫీజు వృథా కాదని నా అభిప్రాయము.

ఇక గడువు. హైకోర్టునకు అప్పీలు చేయుటకు డిక్రీ తేదీనుండి తొంబది దినములు. జిల్లాలోని కోర్టులకైనచో ముప్పది దినములు. 1963 నాటి లిమిటేషన్ చట్టము ఈ లెక్కను చెప్పుచున్నది. లెక్క తేలికవలె కనబడును గాని పెక్కు వ్యాజ్యములు మునుగునది ఈ మడుగులోనే. కనుక కొంచెము నిదానముగ చూతము. విద్యార్థులు కాగితము, కలము తీసికొనినను బాగే.

తీర్పు 2024 జనవరి 10న వచ్చినదనుకొందము. ఆ దినమును లెక్కింపరు. జనవరి 11 నుండి నెలాఖరునకు 21 దినములు, ఆ యేడు ఫిబ్రవరికి 29, మొత్తము 50, మార్చితో 81, ఏప్రిలు 9తో తొంబది. ఆ యేట ఏప్రిలు 9 ఉగాది. ఆఖరు దినము కోర్టు మూసియున్నచో, మరల తెరచిన దినమున దాఖలు చేయవచ్చునని చట్టము 4వ సెక్షను చెప్పుచున్నది. అయితే మన రైతు తీర్పు నకలు కొరకు జనవరి 15న దరఖాస్తు పెట్టగా ఫిబ్రవరి 2న నకలు సిద్ధమైనదనుకొందము. నకలు పొందుటకు అవసరమైన కాలమును 12వ సెక్షను మినహాయించును. అవి రెండు తేదీలతో కలిపి 19 దినములు. కావున గడువు ఏప్రిలు 28 వరకు సాగును. అది ఆదివారము. సోమవారము 29న దాఖలు చేసినను చెల్లును.

ఇందులో మెలకువ యొకటి కలదు. నకలు సిద్ధమైన తరువాత రైతు వరికోతలలో పడి పదునైదు దినములకు వెళ్లి తెచ్చుకొన్నచో, ఆ పదునైదు దినములు ఆతని ఖాతాలోనివే, మినహాయింపు లేదు. స్టాంపులు కట్టుమని పిలిచిన తరువాత ఆలస్యముగ కట్టినను అంతే. డిక్రీ తయారగుటలో దరఖాస్తునకు ముందే గడచిన కాలమును కూడ మినహాయింపరు. అందుచేతనే నకలు మీద దరఖాస్తు ఇచ్చిన తేదీ, రుసుము అడిగిన తేదీ, కట్టిన తేదీ, సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ అని వరుసగ వేయుదురు. హైకోర్టు సెక్షనులో మొదట చూచునది ఈ తేదీల ముద్రనే. తీర్పు లోపల ఎంత న్యాయమున్నదో తరువాతి మాట.

గడువు దాటినచో 5వ సెక్షను క్రింద ఆలస్యమును మన్నింపుమని అర్జీ పెట్టుకొనవచ్చును. తగిన కారణమును ప్రమాణపత్రముతో చూపవలెను. కోర్టులు ఈ విషయమున ఉదారముగ ఉండవలెనని సుప్రీంకోర్టు 1987లో చెప్పెను. ఆలస్యము ఎంత పొడవైనదని గాక కారణము నమ్మదగినదా అని చూడవలెనని 1998లో చెప్పెను. మహమ్మారి కాలమున 2020 మార్చి 15 నుండి 2022 ఫిబ్రవరి 28 వరకు దేశమంతట గడువుల లెక్కనుండి దినములను మినహాయించిరి కూడ. అయినను ఉదారత హక్కు కాదు. "నాకు జబ్బు చేసినది" అను ఒక్క వాక్యము వ్రాసి, ఎప్పుడు, ఎన్నాళ్లు, ఏ వైద్యుడు అను వివరములు లేనిచో, ఆ అర్జీ నిలుచుట కష్టము.

దాఖలు విధానమునకు వత్తము. అప్పీలు మెమోరాండము, వకాలతునామా, తీర్పుల నకళ్లు, కోర్టు ఫీజు, ఇవి ముఖ్యమైనవి. క్రింది రెండు కోర్టుల తీర్పులును జతపరచుట ఆచారము. కోర్టు ఫీజు 1956 నాటి చట్టము ననుసరించి, అప్పీలులో తగాదాపడుచున్న ఆస్తికి మొదటి కోర్టులో ఎంత కట్టవలసియుండునో అంతయే. మెమోరాండము వ్రాయుటకు కోడు విధించిన నియమము ఉపాధ్యాయులకు నచ్చును: కారణములను సంగ్రహముగ, వేరువేరుగ, వరుస సంఖ్యలతో వ్రాయవలెను, వాదము పనికిరాదు, కథ పనికిరాదు. దానికి తోడు గణనీయమైన ప్రశ్నను ఖచ్చితముగ పేర్కొనవలెను. ఊరిలో మూడు తరముల వైరమును ఏకరువు పెట్టిన ఇరువది పుటలకంటె, "హద్దులు స్పష్టముగ నుండగా విస్తీర్ణపు అంకెను ఆధారముగ గొని దస్తావేజుకు అర్థము చెప్పుట న్యాయమా?" అను ఒక్క ప్రశ్న విలువైనది.

కట్ట దాఖలైన వెంటనే దానికి అప్పీలు నంబరు రాదు. ఎస్.ఆర్. నంబరు అని తాత్కాలికమైనది ఒకటి వేసి, సెక్షనులో కాగితములన్నింటిని తనిఖీ చేయుదురు. ఫీజు తక్కువైనను, సంతకము లోపించినను, తెలుగు పత్రమునకు ఇంగ్లీషు అనువాదము లేకపోయినను, ఆక్షేపణలు వ్రాసి, గడువిచ్చి, కట్టను వాపసు చేయుదురు. సరిదిద్ది మరల సమర్పింపవలెను. వాపసైన కట్ట వకీలు గుమాస్తా బీరువాలో నెలల తరబడి పడియుండుట, పల్లెలోని కక్షిదారు "హైకోర్టులో నడచుచున్నది" అని చెప్పుకొనుచుండుట జరుగరాని విషయమేమి కాదు. నంబరు పడినదా అని అడుగుట కక్షిదారు హక్కు. ఇప్పుడు కంప్యూటరు ద్వారా దాఖలు చేయు పద్ధతియు వచ్చినది. నమోదైన వ్యాజ్యమునకు అక్షరములు, అంకెలు కలిసి పదునారుండు సి.ఎన్.ఆర్. సంఖ్య ఇచ్చుచున్నారు. ఆ సంఖ్య చేతనున్నచో వ్యాజ్యము ఏ దశలోనున్నదో ఊరినుండియే చూచుకొనవచ్చును. పదవ తరగతి చదువు బాలుడు తాతకు చేయదగిన సేవ ఇది.

నంబరు పడిన పిదప అప్పీలు ఒక న్యాయమూర్తి ఎదుట స్వీకారమునకు వచ్చును. ప్రశ్న ఉన్నదని తోచినచో ఆయన దానిని తామే రూపొందించి, ప్రతివాదికి నోటీసు పంపింతురు. నోటీసునకు బత్తా కట్టవలెను. ప్రశ్న లేనిచో అచ్చటనే ముగింపు. ఆ తీర్పుపై హైకోర్టులోనే మరియొక అప్పీలు లేదు; 2002 సవరణ ఆ దారిని మూసినది. మిగిలినది సుప్రీంకోర్టు ప్రత్యేకానుమతి మాత్రమే.

అప్పీలు వేసినంతమాత్రమున డిక్రీ ఆగదు. ఇది చాలమందికి తెలియదు. మన రైతు అమరావతికో హైదరాబాదునకో పోయివచ్చి ధీమాగ నుండగా, పొరుగువాడు అమలు దరఖాస్తు పెట్టి, అమీనును వెంటబెట్టుకొని చింతచెట్టు క్రిందికి రావచ్చును. స్టే కొరకు వేరుగ దరఖాస్తు పెట్టి, ఉత్తరువు పొందవలెను. పొరుగువాడును తెలివైనవాడైనచో ముందే కేవియట్ వేసియుంచును. తొంబది దినముల వరకు, తనకు తెలియకుండ స్టే ఇయ్యరాదని దాని ఫలితము.

ఇంకొక ప్రమాదము కాలమువలన వచ్చునది. రెండవ అప్పీళ్లు ఏండ్లు పట్టును. ఈ లోపల కక్షిదారు చనిపోయినచో, వారసులను తొంబది దినములలో వ్యాజ్యమున చేర్పవలెను. లేనిచో ఆ మేరకు అప్పీలు రద్దగును. దానిని మరల నిలుపుటకు ఇంకొక అరువది దినములు మాత్రమే. దుఃఖములో నున్న ఇంట ఎవరికి హైకోర్టు జ్ఞప్తికి వచ్చును? దినవారములు ముగిసి, పంపకముల మాట వచ్చి, పెట్టె తెరచునప్పటికి గడువు గడచియుండును.

డబ్బు లేనివారి మాట? స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములు, తెగల వారికి, వికలాంగులకు వరుమానముతో పని లేకుండ ఉచిత న్యాయసహాయము పొందు హక్కును 1987 నాటి చట్టము కల్పించినది. హైకోర్టునందే దానికొక కమిటీ కలదు. కోర్టు ఫీజు కట్టలేని నిరుపేద, ఆ విధముగ అనుమతి పొంది అప్పీలు చేయుటకును కోడులో వీలున్నది.

కడపటిది భాష. రాజ్యాంగము 348వ అధికరణము ననుసరించి హైకోర్టు వ్యవహారము ఇంగ్లీషులో సాగును. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనమొకటి ఒక భూవివాదపు అప్పీలులో తీర్పును కక్షిదారులకు తెలియునట్లు తెలుగులో కూడ వెలువరించినది. అట్టివి ఇంకను అరుదు. మన రైతు చేతికి వచ్చు నకలు ఇంగ్లీషులోనే యుండును. ఆతడు దానిని సంచిలో పెట్టుకొని, సాయంకాలము బడి వదలిన వేళకు పంతులుగారి వద్దకు వచ్చును. ఆయన కళ్లజోడు సవరించుకొని చివరి పుటనుండి మొదలుపెట్టి చదివి, "గట్టు నీదే" అనియో, "కాదు" అనియో చెప్పును. ఆ పిమ్మట కాగితమును వెనుకకు త్రిప్పి, అచ్చట వేసియున్న తేదీల ముద్రను వ్రేలితో చూపి, రైతుచేత వాటిని ఒక్కొక్కటిగ బిగ్గరగ చదివించును.